అనసూయత్త, గుర్రాల పటం

మోకిలలో హారిక కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళిన రోజు, భోజనాలకు ముందు చేతులు కడుక్కుందామని లోపలికి వెళ్ళి, కడుక్కోకుండానే తిరిగి వచ్చాను. హారిక మా ఆఫీసులో నా దగ్గర పనిచేసే అమ్మాయి. ఇల్లంతా కొత్త రంగు వాసన, హోమం పొగ, గుమ్మడికాయ పగలగొట్టిన తడి. మెట్ల పక్క గోడకు ఒక పటం తగిలించి ఉంది. నల్లటి చట్రం, లోపల వెడల్పాటి తెల్ల అంచు, మధ్యలో నలుపు తెలుపుల్లో ఒక పొలం. దున్నిన చాళ్ళు ఆరేసిన దుప్పటి మడతల్లాగా గుట్టల మీదికి ఎక్కి దిగుతున్నాయి. నాగలికి కట్టిన రెండు గుర్రాలు తలలు వంచి నిలబడి ఉన్నాయి. నాగలి పట్టే మనిషి మాత్రం లేడు. ఆ బొమ్మను చివరిసారి చూసేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు. దాన్ని దొంగిలించిందన్న మాట మీదనే మా మేనత్త అనసూయ మొయినాబాద్ విడిచి పోయింది. అదే పటం ఇప్పుడు నా ఎదురుగా, మామిడి తోరణం నీడలో ఉంది.

హారికను పక్కకు పిలిచి, ఇది మీకెక్కడ దొరికిందని అడిగాను. నా గొంతు ఎట్లా ఉందో ఏమో, ఆ పిల్ల భయపడింది. "మా మామగారిది మేడమ్. ఆయనకు ఇలాంటివి కొనే పిచ్చి. అమెరికాలో ఉన్నప్పుడు వేలంలో కొన్నారట. పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళింట్లోనే ఉంది" అంది. నేను వంగి కింది తెల్ల అంచు చూశాను. కుడివైపు పెన్సిల్‌తో ఒక సంతకం. ఎడమవైపు పద్దెనిమిది బై వంద. మేము చూసిన దాని మీద అరవై రెండు బై వంద అని ఉండేది. ఆ అంకె నేను మరిచిపోయే అవకాశం లేదు, ఎందుకో చెప్తాను. అంటే ఇది అది కాదు. అదే గుర్రాలు, అదే చాళ్ళు, అదే సంతకం, కానీ అది కాదు. దొంగ దొరికాడనుకున్న చోట దొంగ లేడు, సొత్తు కూడా లేదు. ఆ పూట విస్తరి ముందు కూర్చుని ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

మాది చేవెళ్ల. బాపుకు కొంత పొలం ఉండేది. టమాట, క్యారెట్, బంతిపూలు వేసేవాడు. పట్నంలో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. మా వైపు రోడ్ల మీద ప్రతి ఆదివారం కార్లు ఆగేవి. అందులోంచి దిగినవాళ్ళు చెప్పుల్లోకి మట్టి రాకుండా గట్ల మీద నడుస్తూ, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని చెయ్యి చాపి అడిగేవాళ్ళు. బాపు మెల్లగా కూరగాయలు వదిలేసి వాళ్ళకు భూములు చూపించే పనిలో పడ్డాడు. స్కూటర్ డిక్కీలో ఏ భూమి ఎవరిదో చెప్పే పహాణీ నకళ్ళు, జేబులో దువ్వెన. పొద్దున లేవగానే వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ ఈ రోజు ఎవరొస్తారో అమ్మకు చెప్పేవాడు. అమ్మ జొన్నరొట్టె చరుస్తూ వినేది, వినకపోయినా ఊఁ కొట్టేది.

అట్లా వచ్చినవాళ్ళలో ఒక సారు మొయినాబాద్ దాటినాక తోట కొని ఇల్లు కట్టాడు. చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినాయన. ఆయనా, మేము మేడమ్ అని పిలిచే ఆయన భార్యా వారానికి మూడు నాలుగు రోజులు అక్కడే ఉండేవాళ్ళు. ఇల్లు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలంటే బాపు తన చెల్లెలిని పెట్టాడు. అనసూయత్తను ముడిమ్యాలకు ఇచ్చారు. మామ జ్వరంతో పోయాక మా ఇంటికి వచ్చేసింది. నాకంటే పన్నెండు పదమూడేళ్ళే పెద్దది. తలకు ఆముదం పెట్టి గట్టిగా ముడి వేసేది. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. మా ఇంట్లో ఆమె ఉన్నన్నాళ్ళు అమ్మకు చేతికింద ఇంకో చెయ్యి. తోట ఇంటికి వెళ్ళిపోయాక అమ్మ రెండు రోజులు దేనికో ఒకదానికి ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.

డిగ్రీ చదివే రోజుల్లో సెలవు దొరికితే నేను ఆ తోట ఇంటికి పోయేదాన్ని. మా ఇంట్లో కిరోసిన్ పొయ్యి, టమాట డబ్బాలు, ఎండిన బంతి రెక్కల వాసన. అక్కడ కాఫీ, నిమ్మకాయ వాసన వచ్చే నీళ్ళతో తుడిచిన నేల. హాల్లో ఒకటే పటం, ఈ గుర్రాలది. మేడమ్ వాళ్ళ నాన్న ఆమెకు పెళ్ళికి ఇచ్చాడట. గీసినాయన అమెరికావాడు, పేరు ఆమె రెండుసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు. అత్త దాన్ని రోజూ పొడి గుడ్డతో తుడిచేది. మొదటిసారి నేను అంచు మీది అంకె చదివి చెప్తే, "అరవై రెండు మార్కులేనా? గింత మంచిగ గీస్తే?" అని అడిగింది. ఫస్ట్ క్లాసే అత్తా అన్నాను. నేనూ నిజంగానే మార్కులే అనుకున్నాను. మేడమ్ విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది, కానీ చిన్నబుచ్చే నవ్వు కాదు. మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: బొమ్మను కొవ్వు కలిసిన బలపంతో నున్నటి రాయి మీద గీస్తారు, సిరా పూసి కాగితం అద్ది తీస్తారు, వంద తీశాక రాయి మీది బొమ్మ అరగదీసేస్తారు, ఇది వందలో అరవై రెండోది. అత్తకు నమ్మకం కుదరలేదు. "బండ మీద గీస్తే కాయితం మీదికి ఎట్లొస్తది మేడమ్?" అంది.

ఆ సాయంత్రం బట్టలు ఉతికే షాబాద్ బండ మీద అత్త ఆముదంలో దీపం మసి కలిపి ఒక గుర్రం గీసింది. గుర్రం అని ఆమె చెప్పింది గనుక గుర్రం. నా రికార్డు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి అద్ది, ఇద్దరం దాని మీద మోకాళ్ళతో కూర్చున్నాం. తీసి చూస్తే ఒక నల్లటి మరక, మా ఇద్దరి చీర, లంగా మీద ఇంకా పెద్ద మరకలు. ఆ మరక కాగితం కింద అత్త నా చేత ఒకటి బై ఒకటి అని రాయించింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

నా డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో బాపు సారును నా ఉద్యోగం కోసం అడిగాడు. సారు తన స్నేహితుడి ఆఫీసులో చెప్తానన్నాడు. అమెరికా డాక్టర్లు మాట్లాడి పంపిన మాటలు చెవుల్లో పెట్టుకుని విని టైపు చేసే పని. ఆ కొలువు కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. అప్పుడే ఒక మధ్యాహ్నం నేను తోట ఇంటికి పోయాను. గేటు దాకా వచ్చేసరికి అత్త ఎదురొచ్చింది, దుప్పటిలో చుట్టిన పలకలాంటిది ఏదో రెండు చేతులా పట్టుకుని. గేటు బయట చెట్టు కింద ఎవరిదో కారు ఆగి ఉంది. అత్త నన్ను చూసింది, చూసి కూడా ఆగలేదు. ఆ వస్తువు కారులో పెట్టి వచ్చి, "గిప్పుడెందుకొచ్చినవ్? జర ఇంటికి పో" అంది. ఆమె నన్ను పొమ్మనడం అదే మొదలు. నేను ఏం అర్థం కాక బస్సెక్కి వెనక్కి వచ్చేశాను.

తర్వాతి వారం మేడమ్ పట్నం నుంచి వచ్చి గోడ ఖాళీగా ఉండడం చూసింది. బాపుకు కబురొచ్చింది, నేనూ అమ్మా కూడా వెళ్ళాం. మేడమ్ ఏడుస్తోంది. పోలీసుల మాట ఎత్తలేదు, "ఎవరికిచ్చావో చెప్పు అనసూయా, మా నాన్న ఇచ్చింది అది" అని మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగింది. సారు కిటికీ దగ్గర నిలబడి తోట చూస్తున్నాడు. అత్త తల వంచుకుని ఒకటే మాట, "నేను తియ్యలే." అప్పుడు బాపు అందరి ముందూ ఆమెను తిట్టాడు. ఇంటి పరువు తీశావన్నాడు, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావన్నాడు, నా గడప తొక్కకన్నాడు. తోటలో పనిచేసేవాళ్ళంతా గుమ్మం దగ్గర చేరి విన్నారు. సాయంత్రానికి ఆ మాట చేవెళ్లకు మాకంటే ముందు చేరింది.

ఇంటికొచ్చాక నేను బాపును పెరట్లోకి పిలిచి, దుప్పటి చుట్టిన వస్తువు సంగతి చెప్పాను. బాపు నా వైపు చూడకుండా బీడీ వెలిగించాడు. "నువ్వేం చూడలే బిడ్డా. గా ముచ్చట మల్ల ఎత్తకు, మీ అమ్మ దగ్గర గూడ" అన్నాడు. చెల్లెలు దొంగ అని తెలిసినా ఇంటి గుట్టు దాస్తున్నాడనుకున్నాను. తిట్టినా ప్రేమ ఉందనుకున్నాను. అంటే అత్త తీసిందన్నమాట అని నాలో నేను తీర్పు చెప్పుకుని, ఆ తీర్పుతోనే ఇన్నేళ్ళు బతికాను. అత్త ఆ వారమే ముడిమ్యాలకు, మామ వాటాకు వచ్చిన చిన్న మెట్ట చెలకకు పోయింది. నాకు కొలువు వచ్చింది. కొన్నాళ్ళకు సారు కంపెనీ మూతపడిందని, ఇల్లు అమ్మి వాళ్ళు ఎటో పోయారని విన్నాం. తర్వాత్తర్వాత బాపు ఆ గడప మాట వదిలేశాడు. పండగలకు అత్త వస్తే అమ్మ అన్నం పెట్టేది, నగలూ చీరలూ ఉన్న గదికి మాత్రం తాళం వేసి చెవి బొడ్లో దోపుకునేది. అత్త ఆ గది వైపు పోకుండా అరుగు మీదే కూర్చునేది.

హారిక ఇంట్లో తీసిన ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వారం రోజులు తిరిగాను. చివరికి ఒక ఆదివారం ముడిమ్యాల బయల్దేరాను. మొయినాబాద్ దాటుతుంటే ఆ తోట ఇల్లు ఎక్కడో పోల్చుకోలేక రెండుసార్లు కారు వెనక్కి తిప్పాను. అక్కడ ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది, గేటుకు అటూ ఇటూ సిమెంటు ఏనుగులు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి విన్న మనుషుల ఇళ్ళున్న చోట లేఅవుట్ రాళ్ళు పాతి ఉన్నాయి. ఒకప్పుడు చేవెళ్ల నుంచి మాదాపూర్ చేరాలంటే రెండు బస్సులు మారి, నిలబడి, పౌడరంతా చెమటకు కారిపోయి దిగేదాన్ని. ఇప్పుడు ఏసీ వేసుకుని ఎదురు దిక్కుకు పోతున్నాను, దేనికి పోతున్నానో నాకే సరిగా తెలియకుండా.

అత్త ఇంటి ముందు బంతిపూలు కుప్ప పోసి మంచివీ వాడినవీ వేరు చేస్తోంది. జుట్టు మొత్తం తెల్లబడింది, ముడి మాత్రం అంతే గట్టిగా ఉంది. నీళ్ళిచ్చింది, అమ్మ మోకాళ్ళ నొప్పులు అడిగింది. నేను ఫోన్ ఇచ్చాను. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"యాడ దొరికింది?"

"అది కాదత్తా. దాని లాంటిదే ఇంకోటి. మోకిలలో ఒకళ్ళింట్లో ఉంది."

"అట్లనా" అని ఫోన్ తిరిగిచ్చి మళ్ళీ పూలలో చెయ్యి పెట్టింది.

ఇన్నేళ్ళ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే వచ్చింది. "అత్తా, ఆ రోజు దుప్పట్ల చుట్టి కారుల పెట్టింది గదే కదా?"

"గదే" అంది అత్త. ఒక వాడిన పువ్వు తీసి పక్కన పడేసింది. "సారు చుట్టి ఇచ్చిండు. కొనెటోళ్ళ కారుల పెట్టి రా అనసూయా, మేడమ్‌కు చెప్పకు, నేనే మెల్లగ చెప్తా అన్నడు. కంపెనీల జీతాలిచ్చేటందుకు లేవట, అమ్ముకున్నడు. పెండ్లాం తండ్రి ఇచ్చిన సొత్తాయె, మొఖం చెల్లలే."

"మరి అందరి ముందట ఎందుకు చెప్పలే? సారు అక్కడే ఉండె గద?"

"అతను చెప్తడని చూసిన. కిటికీల నుంచి మొఖం తిప్పలే."

"కనీసం బాపుకన్న చెప్పకపోతివా?"

అత్త పూలు వేరు చేయడం ఆపింది. "ముందే చెప్పిన. మేడమ్ రాకముందే చేవెళ్లకొచ్చి చెప్పిన. మీ బాపు ఏమన్నడంటే, సారు మీద మాట పెడితే పిల్ల కొలువు పోతది, జర ఓర్సుకో చెల్లె, నీకు ముడిమ్యాలల చెలక ఉన్నది, పిల్లకేమున్నది అన్నడు. తిట్టినప్పుడు గూడ మంచిగనే తిట్టిండు. నాకే ఒక్క గడియ నిజమనిపిచ్చింది, నేనే తీసిన్నా ఏందని."

ఆ కొలువుతోనే నేను పట్నంలో కాలు పెట్టాను. అక్కడి నుంచి ఇంకో ఆఫీసు, ఇంకో ఆఫీసు, నా ఫ్లాటు, నా కారు, ఇప్పుడు ఈ గడప ముందు ఆపిన కారు. పెరట్లో బీడీ వెలిగించుకున్న బాపు గుర్తొచ్చాడు. ఆయన దాచింది చెల్లెలి తప్పు అనుకున్నాను. నా నుంచి దాచింది నా కొలువు ఖరీదు అన్నమాట. బాపు పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన్ని అడగడానికి లేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదత్తా నాకు?"

"నువ్వెన్నడన్న అడిగితివా?" అంది. కోపంగా అనలేదు. "ఒక్కరు గూడ నన్ను అడుగలే సరళా. అందరు చెప్పెటోళ్ళే."

"నా మీద కోపం రాలేదా?"

"రాకేంది! మొదటి జీతం రాంగనే నాకు చీర తెచ్చినవు చూడు, ఆకుపచ్చ చీర. గా రోజు నిన్ను కట్టె తీస్కొని కొట్టాలనిపిచ్చింది. ఒక్కనాడు గూడ కట్టలే. బొంతల వేసి కుట్టిన." అని ఉన్నట్టుండి కళ్ళు మూసుకుపోయేలా నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను. అందరికీ చెప్తానత్తా, చేవెళ్లలో ప్రతి ఇంటికీ పోయి చెప్తానన్నాను. "ఎవరికి చెప్తవ్ బిడ్డా? గప్పటోళ్ళు సగం మంది పోయిరి, సగం మంది జాగలమ్ముకొని పోయిరి. ఉన్నోళ్ళకు నేనెవరో గూడ యాదికి లేదు" అని నా ఒళ్ళో ఒక దోసెడు బంతిపూలు పోసింది, దేవుడికి పెట్టుకొమ్మని.

ఉన్నవాళ్ళలో ఒకరికి మాత్రం చెప్పి తీరాలి. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇంటికి రాగానే చెప్పాను, ఫోన్‌లో పటం చూపించి, మొదటి నుంచి చివరి దాకా. అమ్మ మొదట బొమ్మను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ముఖం గట్టిపడింది. "అంత నడిస్తే మీ బాపు నాకు చెప్పకుంటడా? చచ్చిపోయినోని మీద పెడితే కాదనేటందుకు ఎవరున్నరు?" అంది. అది కూడా నిజమే. కాదనడానికి ఎవరూ లేరు. అత్త మాటల్ని పూర్తిగా నమ్మి వచ్చినదాన్ని, అమ్మ ముందు నిలబడేసరికి మళ్ళీ ఊగిసలాడాను. మా బాపు అట్లాంటివాడా? టమాట డబ్బాలు మోసి భుజం కాయలు కాచినా నా పుస్తకాలకు వెనకాడని మనిషి, తన చెల్లెలిని అట్లా బలి ఇస్తాడా? ఇస్తాడు కూడా, నా పుస్తకాలకు వెనకాడనివాడే గనుక ఇస్తాడు. ఒక ఆలోచన రెండో ఆలోచనను నిలవనివ్వలేదు.

మరునాడు పొద్దున అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను ఆఫీసుకు తయారవుతున్నాను. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"ఆ ఏడు రాఖీ పున్నానికి మీ బాపు ముడిమ్యాల పోయిండు. గడప తొక్కకని తిట్టి నెల గూడ కాలే, తానే ఎందుకు పోతుండో నాకు సమజ్ కాలే. నేను గూడ ఎంబడి పోయిన. అనసూయ రాఖీ కట్టింది. కట్టి అన్న కాళ్ళు మొక్కనీకి వంగబోయింది. గంతట్ల ఈయనే వంగి దాని రెండు కాళ్ళు పట్టుకున్నడు. చిన్నదాని కాళ్ళు! ఎంతసేపటికీ ఇడువలే."

నేను దువ్వెన పక్కన పెట్టి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నాను.

"నాకు నవ్వొచ్చింది. గదేందయ్యా, చెల్లె కాళ్ళు మొక్కుతవ్, తాగినవా అన్న. నేనొక్కదాన్నే నవ్విన. ఆళ్ళిద్దరు నవ్వలే." అమ్మ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి, ఈనె తీయకుండానే గిన్నెలో వేసింది. "ఈ పూట ఆఫీసుకు పోకపోతే ఏమన్నంటరా?"

"ఏమనరు. ఎందుకమ్మా?"

"ముడిమ్యాల తోల్కపో."

"పోయి ఏమంటవు?"

"నాకేమెర్క" అంది అమ్మ, గోడ పట్టుకుని లేస్తూ. "ముందుగాల పోదాం పా."